వెదురు బ్రష్షు సంగతి తర్వాత, ముందు కరెంటు మీటరు చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హైదరాబాద్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, పై అంతస్తులో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. మీరిద్దరు, ఇద్దరు పిల్లలు, అత్తగారు. పర్యావరణానికి మన వంతు ఏదైనా చేయాలని ఆరు వేలు పెట్టి వెదురు బ్రష్షులు, స్టీలు స్ట్రాలు, గుడ్డ సంచుల సెట్టు, కొబ్బరి పీచు స్క్రబ్బర్లు తెప్పించారు. అవి చూసి మీ అత్తగారు నవ్వారట. "నిజంగా తేడా వచ్చే పనులేమిటి, మాలాంటి వాళ్ళం రోజూ చేయగలిగేవి చెప్పండి" అని అడిగారు. పనిలో పనిగా మే నెలలో 412 యూనిట్లు, జనవరిలో 138 యూనిట్లు కాలిందనీ, ఏసీకి ఏటా గ్యాస్ నింపించాల్సి వస్తోందనీ చివర్లో రాశారు.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఆ చివరి రెండు ముక్కలే.

నేను విద్యుత్ పంపిణీ సంస్థలో ముప్పై ఏళ్ళకు పైగా ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. 48 ఫ్లాట్ల మా అపార్ట్‌మెంట్‌లో తొమ్మిదేళ్ళుగా నీళ్ళు, చెత్త, కామన్ మీటరు మూడూ నా నెత్తిన ఉన్నాయి. అందుకని ఏ విషయమైనా ముందు కొలిచి చూడటం నాకు అలవాటు. మీ ఇంట్లోకి ఏం వస్తోంది, ఇంట్లోంచి ఏం పోతోంది అన్నది చూస్తే ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలుస్తుంది. కొత్తగా ఏం కొనాలి అన్న దగ్గర మొదలుపెడితే తెలియదు.

ముందు మీ బ్రష్షుల లెక్కే చూద్దాం. ప్లాస్టిక్ టూత్‌బ్రష్ ఒకటి 15, 20 గ్రాములుంటుంది. ఐదుగురు, మనిషికి ఏడాదికి నాలుగు, మొత్తం ఇరవై బ్రష్షులు. ఏడాది మొత్తానికి 400 గ్రాముల ప్లాస్టిక్. ఇప్పుడు మీ కరెంటు. మే నెలకీ జనవరికీ తేడా 274 యూనిట్లు. మన దేశంలో గ్రిడ్ కరెంటులో ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తుంది కాబట్టి యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. అంటే ఒక్క మే నెలలో, కేవలం చల్లదనం కోసం, 190 కిలోలు. ప్లాస్టిక్, బొగ్గు పొగ ఒకటి కాదని నాకూ తెలుసు, రెండిటినీ ఒకే త్రాసులో వేయలేం. కానీ మీ శ్రద్ధ, మీ డబ్బు, మీ ఓపిక మాత్రం ఒకటే సంచిలోంచి తీయాలి కదా. ఆ ఓపికంతా 400 గ్రాముల మీద ఖర్చయిపోతే ఏసీ దగ్గరికి వచ్చేసరికి ఏమీ మిగలదు.

ఇక ఏసీ గ్యాస్. దీని గురించి ఎవరూ చెప్పరు, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను.

"గ్యాస్ తగ్గింది సార్, టాపప్ చేయాలి" అని ప్రతి వేసవికీ చెప్పే టెక్నీషియన్ మా ఇంటికీ వచ్చేవాడు. మూడేళ్ళు వరసగా నేనూ డబ్బులిచ్చాను. ఇంజనీరుని, సిగ్గుపడాల్సిన విషయం. ఏసీలో గ్యాస్ అంటే స్కూటర్లో పెట్రోల్ లాంటిది కాదు, వాడితే అయిపోదు. మూసిన రాగి గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకయి గాల్లోకి పోయిందన్నమాట. ఆ గ్యాస్ మామూలు గ్యాస్ కాదు. కొత్త ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్-32 వందేళ్ళ లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 675 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. కొంచెం పాత ఏసీల్లోని ఆర్-410ఏ అయితే రెండు వేల రెట్లు దాటుతుంది. ఒకటిన్నర టన్ను ఏసీలో ఆర్-32 సుమారు 800 గ్రాములు ఉంటుందనుకుందాం. మొత్తం పోతే 540 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అంటే 770 యూనిట్ల కరెంటు కాల్చినట్టు, లేదా 230 లీటర్లకు పైగా పెట్రోల్ తగలబెట్టినట్టు. అదీ ఏటా. మీ ఇంట్లో ఏ వస్తువూ ఒక్క ఏడాదిలో చప్పుడు లేకుండా ఇంత చేయదు.

కాబట్టి ఈసారి టెక్నీషియన్ వస్తే గ్యాస్ నింపనివ్వకండి. ముందు లీకెక్కడో పట్టుకోమనండి. లోపలి యూనిట్, బయటి యూనిట్ దగ్గర గొట్టాలు బిగించే నట్లుంటాయి, చాలాసార్లు లీకు అక్కడే. సబ్బు నురగ రాస్తే బుడగలొస్తాయి. అక్కడ దొరక్కపోతే నైట్రోజన్ ఎక్కించి ప్రెషర్ నిలుస్తుందో లేదో చూడాలి. ఆ పని చేసేవాళ్ళు కొంచెం ఎక్కువ అడుగుతారు, టైమూ పడుతుంది, "అదంతా ఎందుకు మేడమ్" అంటారు. గట్టిగా నిలబడండి. మాకు బయటి యూనిట్ దగ్గర ఒక నట్టు వదులైందని తేలింది. సరిచేయించాక నాలుగేళ్ళయింది, మళ్ళీ గ్యాస్ మాట లేదు. ఇంకో సంగతి: ఏసీని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చేటప్పుడు కొందరు గ్యాస్‌ని గాల్లోకి వదిలేసి, కొత్తచోట మళ్ళీ నింపుతారు. అలా కాకుండా ఉన్న గ్యాస్‌ని బయటి యూనిట్లోకి లాగి వాల్వులు మూయమని ముందే చెప్పండి. దాన్ని వాళ్ళ భాషలో పంప్‌డౌన్ అంటారు. ఆ మాట వాడితే మీకు విషయం తెలుసని వాళ్ళకు అర్థమవుతుంది.

ఏసీ ఎంతలో పెట్టాలన్నది తర్వాతి మాట. 2020 నుంచి మన దేశంలో స్టార్ రేటింగున్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా వస్తున్నాయి. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ లెక్క ప్రకారం ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా. 26 లేదా 27లో పెట్టి ఫ్యాను తిప్పండి. దుప్పటి కప్పుకునేంత చల్లగా 20లో పెట్టుకునే ఇళ్ళు నాకు చాలా తెలుసు, బయట 42 డిగ్రీలుంటే లోపల స్వెటర్ వేసుకునే పిల్లల్ని కూడా చూశాను. ఫిల్టర్ రెండు వారాలకోసారి కుళాయి కింద కడగండి, దానికి టెక్నీషియన్ అక్కర్లేదు.

కానీ మీది పై అంతస్తు. ఎండంతా మీ స్లాబు మీద పడి, ఆ వేడి రాత్రి పన్నెండింటి వరకు మీ నెత్తిన దిగుతూనే ఉంటుంది. ఏసీ పోరాడేది ఆ స్లాబుతోనే. అందుకని మార్చి నెలాఖరులోగా అసోసియేషన్‌ని అడిగి మీ ఫ్లాటు మీదున్న డాబా భాగానికి తెల్లసున్నం కొట్టించండి. సున్నంలో కొంచెం ఫెవికాల్ లాంటి బంక కలిపితే అంటుకుని ఉంటుంది. వానాకాలానికి కొంత కొట్టుకుపోతుంది, ఏటా ఒకసారి వేసుకోవాలి. డబ్బు పెట్టగలిగితే డాబాలకని అమ్మే తెల్ల కూల్ రూఫ్ పెయింటు కొన్నేళ్ళు నిలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ఒక కూల్ రూఫ్ పాలసీయే తెచ్చింది. అంటే ఇది ఎవరో చాదస్తంగా చెప్పే చిట్కా కాదు. మా పై అంతస్తులో ఉండే మాష్టారు మొదట నమ్మలేదు. వేయించాక సాయంత్రం స్టూలెక్కి సీలింగ్ మీద చెయ్యి పెట్టి చూసి, కిందికి దిగి మా ఇంటికే కాఫీకి వచ్చారు.

పడమటి కిటికీకి కూడా ఇదే సూత్రం. లోపల ఎంత మందపాటి కర్టెన్ వేసినా ఎండ అప్పటికే అద్దం దాటి లోపలికి వచ్చేసింది, ఆ కర్టెన్ వేడెక్కి గదినే వేడి చేస్తుంది. నీడ అద్దానికి బయట ఉండాలి. వెదురు తడక, వట్టివేళ్ళ తడక, ఏమీ లేకపోతే గ్రీన్ నెట్.

ఫ్యాన్లు మనకు ఏడాదిలో పది నెలలు తిరుగుతాయి. మామూలు ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, బ్రష్‌లెస్ మోటారుండే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర ఉంటుంది. రోజుకు 12 గంటలు తిరిగితే రోజుకు అర యూనిట్ పైగా మిగులు, ఏడాదికి ఒక్కో ఫ్యానుకు 160 యూనిట్లు. నాలుగూ ఒకేసారి మార్చొద్దు. అత్తగారి గదిలోదీ హాల్లోదీ ఎక్కువ తిరుగుతాయి కాబట్టి ఆ రెండూ ముందు. పాత ఫ్యాన్లు ఇనుప సామాను కొనేవాడికిచ్చేయండి, లోపల రాగి ఉంటుంది కాబట్టి వాటికి విలువుంది.

గీజరు గురించి ఒక్క ముక్క. ఒక బకెట్ నీళ్ళు స్నానానికి సరిపడా కాగటానికి 0.3 యూనిట్ చాలు. గీజరు పొద్దున్నుంచి ఆన్‌లో ఉంచేసి, షవర్ కింద పావుగంట నిలబడితే ఆ లెక్క నాలుగైదు రెట్లవుతుంది. మార్చి నుంచి అక్టోబర్ దాకా స్విచ్ మీద టేపు అంటించేయండి. మే నెలలో డాబా మీద ట్యాంకు నీళ్ళే కాలిపోతుంటాయి కదా.

సున్నా బిల్లు వస్తున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే: 2024 మార్చి నుంచి తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు వాడే అర్హులకు బిల్లు కట్టే పని లేదు. మంచిదే. కానీ బిల్లు చూడటం మానేయకండి. రూపాయలు సున్నా అయినా యూనిట్లు అందులో రాసే ఉంటాయి.

వంటగ్యాస్ దగ్గర మీరు పెద్దగా మార్చగలిగింది ఏమీ లేదు. పప్పు నానబెట్టి కుక్కర్లో పెట్టడం, గిన్నెల మీద మూత పెట్టడం, విజిల్ వచ్చాక మంట తగ్గించడం. ఇవి మీ అత్తగారు ఎలాగూ చేస్తూనే ఉండి ఉంటారు.

ఇప్పుడు చెత్త. ఒక వారం రోజులు మీ తడిచెత్త తూకం వేయండి, కూరగాయల దుకాణం వాడి తూకం లాంటిది చిన్నది చాలు. మా ఇంట్లో మేమిద్దరమే, అయినా రోజుకు ముప్పావు కిలో దాకా వచ్చేది. మీకు కిలో దాటుతుంది. అదంతా మిగతా చెత్తతో కలిసి జవహర్‌నగర్ డంపింగ్ యార్డు లాంటి చోటికి చేరితే, పొరల కింద గాలి ఆడక కుళ్ళి మీథేన్ అవుతుంది. మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే వందేళ్ళ లెక్కన సుమారు 28 రెట్లు వేడి పుట్టిస్తుంది. వాసన, మురుగు నీళ్ళు అక్కడున్న చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు భరిస్తున్నారు. అదే చెత్త గాలి తగిలేలా కుళ్ళితే మీథేన్ దాదాపు రాదు, ఎరువవుతుంది.

వెయ్యి రూపాయలకీ రెండు వేలకీ అమ్మే కంపోస్టు డబ్బాలు వద్దు. పెయింటర్ దగ్గర ఖాళీ 20 లీటర్ల బకెట్లు రెండు తెచ్చుకోండి. పక్కలకీ అడుగుకీ కన్నాలు పెట్టించండి, కింద ఒక పళ్ళెం. అడుగున రెండంగుళాలు ఎండుటాకులు. రోజూ ఒక గిన్నె తడిచెత్త వేస్తే దాని మీద గిన్నెన్నర ఎండుటాకుల పొడి గానీ కొబ్బరి పీచు పొట్టు గానీ వేయాలి. అదే అసలు కిటుకు. తడిచెత్తలో నత్రజని ఎక్కువ, ఎండుటాకుల్లో కార్బన్ ఎక్కువ. సూక్ష్మజీవులకు కార్బన్ పాళ్ళు 25, 30, నత్రజని పాలు ఒకటి ఉంటే హాయిగా తింటాయి. ఎండుటాకులు తగ్గితే కంపు కొడుతుంది, తడి తగ్గితే పని ఆగిపోతుంది. పిండితే రెండు మూడు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. రెండు రోజులకోసారి కర్రతో కలపండి. మొదట్లో కొంచెం పులిసిన మజ్జిగ చల్లితే త్వరగా అందుకుంటుంది. ఒకటి నిండాక దాన్ని పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టండి. నెలన్నర రెండు నెలల్లో మొదటిది మట్టి వాసన వేస్తుంది. ఈలోపు రెండోదీ నిండితే ఇంకో బకెట్ తెచ్చుకోండి.

నా మొదటి బకెట్ ఘోరంగా చెడింది. ఉత్సాహం కొద్దీ మిగిలిన సాంబారు, నూనె తేలే గుత్తివంకాయ పులుసు కూడా అందులోనే పోశాను, ఎండుటాకులు గుప్పెడే వేశాను. పదో రోజుకు తెల్ల పురుగులు పళ్ళెంలోంచి బయటికి షికారు మొదలుపెట్టాయి. కింద ఫ్లాటావిడ అసోసియేషన్‌కి కంప్లైంట్ ఇచ్చింది, ఆ అసోసియేషన్ సెక్రటరీని నేనే. నా మీద నేనే నోటీసు రాసుకున్నంత పనైంది. పులుసులు, నూనె కూరలు, ఎముకలు వేయొద్దు. తొక్కలు, కాడలు, టీ పొడి, గుడ్డు పెంకులు, పూజ పూలు వేయండి. తెల్ల పురుగులు వస్తే హడలిపోకండి, అవి చెడ్డవేమీ కాదు, తేమ ఎక్కువైందని చెబుతున్నాయి. ఇంకో నాలుగు గుప్పెళ్ళు ఎండుటాకులు.

ఎండుటాకులకు కొరతేముంది అంటారేమో. ఫిబ్రవరి, మార్చిలో మీ వీధి ఊడ్చే ఆవిడను అడిగి రెండు గోనె సంచులు నింపించుకుని ఉంచండి. లేకపోతే అవి వీధి మూలన తగలబెట్టేస్తారు. ఒక్క పనితో రెండూ అవుతాయి.

కంపోస్టు చేసే ఓపిక లేదంటే కనీసం విడదీసి ఇవ్వండి. "ఎంత విడదీసి ఇచ్చినా ఆటోలో అన్నీ కలిపేస్తారు కదా" అని ప్రతి మీటింగ్‌లోనూ ఎవరో ఒకరు అంటారు. మా వీధి చెత్త ఆటో వెంట ఒకరోజు నడిచి చూశాను. నడిపే అతను, అతని భార్య వీధి చివర ఆగి, సీసాలు, అట్టలు, పాల కవర్లు చేత్తో ఏరుకుంటున్నారు. అది అమ్మితే వచ్చేదే వాళ్ళ పై సంపాదన. మనం కలిపి ఇస్తే వాళ్ళు కుళ్ళిన అన్నంలో చేతులు పెట్టి ఏరాలి. డైపర్లు, ప్యాడ్లు విడిగా కాగితంలో చుట్టి ఎర్ర గుర్తు పెట్టి ఇమ్మనేది కూడా అందుకే. తడి, పొడి, ప్రమాదకరం అని మూడుగా ఇవ్వమని 2016 నాటి నిబంధనల్లోనే చెప్పారు. విజయనగరం జిల్లా బొబ్బిలి లాంటి చిన్న మున్సిపాలిటీ ఇంటింటా విడదీయించి, తడిచెత్తతో వానపాముల ఎరువు చేసి చూపించింది. వాళ్ళ దగ్గర మనకన్నా యంత్రాలేమీ ఎక్కువ లేవు.

పాల కవర్‌ని కడిగి ఆరబెట్టి దాచితే పాత పేపర్లవాడు తీసుకుంటాడు. మూల పూర్తిగా కత్తిరించి పారేయకండి, కొంచెం అంటుకుని ఉండేలా కోయండి. ఆ చిన్న ముక్క ఏ చేతికీ దొరక్కుండా మురిక్కాలవలోకి పోతుంది. చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు ఎవరూ కొనరు, వాటిలో ప్లాస్టిక్, రేకు పొరలు అతుక్కుని ఉంటాయి కాబట్టి విడదీయటం కుదరదు. వాటికి మందు కొనకపోవడమే. చెత్తబుట్టలోకి "బయోడిగ్రేడబుల్" అని రాసిన సంచులు కొంటున్నట్టయితే ఆపేయండి. నిజంగా కంపోస్టయ్యేవి కూడా పెద్ద ప్లాంటులోని వేడికి కరుగుతాయి గానీ మీ బాల్కనీ బకెట్లో కరగవు. బుట్టలో పాత పేపరు మడిచి వేయండి.

గుడ్డ సంచుల సెట్టు కొన్నారు కాబట్టి ఇది చెప్పక తప్పదు. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో లెక్కగడితే, వాతావరణం మీద ప్రభావం ఒక్కటి తీసుకున్నా కొత్త నూలు సంచి మామూలు ప్లాస్టిక్ సంచిని గెలవాలంటే కనీసం 52 సార్లు వాడాలని తేలింది. పర్యావరణం మీద మిగతా ప్రభావాలన్నిట్లోనూ గెలవాలంటే ఆ సంఖ్య 7,100. పత్తి పండించడానికి నీరూ, పురుగుమందులూ బాగా పడతాయి. పత్తి పండించే రాష్ట్రాలవాళ్ళం, మనకు వేరే చెప్పాలా. పాత ప్యాంటు కాళ్ళతోనో, చిరిగిన చీరతోనో కుట్టిన సంచికి ఈ బాధ లేదు, ఆ పత్తి పండటం ఎప్పుడో అయిపోయింది. అయినా అసలు సమస్య సంచి లేకపోవడం కాదు, బజారుకెళ్ళేటప్పుడు అది ఇంట్లో ఉండిపోవడం. ఒకటి బండి డిక్కీలో, ఒకటి మీ హ్యాండ్‌బ్యాగ్‌లో, ఒకటి మీవారి ఆఫీసు బ్యాగులో. కొత్తవి ఇంక కొనొద్దు.

మనవాళ్ళ ఇళ్ళల్లో ప్లాస్టిక్ ఎక్కువగా ఎక్కడి నుంచి వస్తుందో తెలుసా? కర్రీ పాయింట్ నుంచి. పప్పు ఒక కవరు, సాంబారు ఒక కవరు, వేపుడు ఒక కవరు, పెరుగు ఒకటి, అన్నీ కలిపి పైన ఇంకోటి. అదీ పొగలు కక్కే సాంబారు పల్చటి కవర్లో. 120 మైక్రాన్లకంటే పల్చటి సంచులు 2022 డిసెంబర్ 31 నుంచి నిషేధమే, అయినా కర్రీ పాయింట్ దాకా ఆ మాట ఇంకా రాలేదు. స్టీలు క్యారియర్ తీసుకెళ్ళండి. మొదటిరోజు కొంచెం మొహమాటంగా ఉంటుంది. మూడోరోజుకి ఆ కుర్రాడే "క్యారియర్ ఆంటీ వచ్చారు" అని ఒక గరిటె ఎక్కువ వేస్తాడు, కొలిచే కవరు లేదు కదా. చికెన్ షాపుకీ అంతే, మూతున్న డబ్బా.

పుట్టినరోజు ఫంక్షన్లకి పేపర్ ప్లేట్లు, పేపర్ గ్లాసులు మంచివనుకుంటారు. వాటిలోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది, లేకపోతే టీ కారిపోదూ. టెంట్ హౌస్‌లో స్టీలు పళ్ళాలు, గ్లాసులు అద్దెకిస్తారు. సిద్దిపేట జిల్లాలో ఊళ్ళల్లో స్టీల్ బ్యాంకులు పెట్టుకుని, పెళ్ళిళ్ళకు గిన్నెలు అక్కడి నుంచే తీసుకెళ్తున్నారు. మీ అసోసియేషన్లో యాభై పళ్ళాలు, వంద గ్లాసులు ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి వస్తాయి. కడిగేవాళ్ళు దొరకరంటారా, మోదుగాకు విస్తళ్ళో అడ్డాకులో తెచ్చుకోండి. వాటికి ప్లాస్టిక్ పొర అంటించినవీ వస్తున్నాయి, వెనక్కి తిప్పి చూసి మరీ కొనండి.

నీళ్ళ దగ్గర ఒక చిన్న లెక్క చెబుతాను, నాకు ఇష్టమైన లెక్క. హైదరాబాద్‌కు కృష్ణా నీళ్ళు వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో వస్తాయి. నాగార్జునసాగర్ నిండుగా ఉన్నప్పుడు నీటిమట్టం సముద్రమట్టానికి 590 అడుగులు, అంటే 180 మీటర్లు. మన ఊరు 500 మీటర్ల పైన ఉంది. వెయ్యి లీటర్ల నీళ్ళని ఆ ఎత్తు ఎక్కించడానికే, ఏ నష్టాలూ లేకపోయినా, సుమారు ఒక యూనిట్ కరెంటు కావాలి. పంపుల నష్టం, గొట్టాల రాపిడి, ఆ తర్వాత మీ సంపు నుంచి ఐదో అంతస్తు ట్యాంకుకి, ఇవన్నీ అదనం. కారే కుళాయి కరెంటు కూడా కారుస్తుంది.

ఇప్పుడు మీ ఆర్వో ఫిల్టర్. ఒక లీటరు మంచినీళ్ళిచ్చి రెండు, మూడు లీటర్లు మురిక్కాలవలోకి వదులుతుంది. కృష్ణా నీళ్ళని ఇంత కష్టపడి తెచ్చి వదిలేయడం నాకు కడుపు మండే విషయం. నీళ్ళలో కరిగిన ఉప్పులెన్నో చూపించే టీడీఎస్ మీటరు రెండు మూడొందలకు దొరుకుతుంది. మీ మున్సిపల్ కుళాయి నీళ్ళల్లో పెట్టి చూడండి. 500 లోపు ఉంటే మీకు ఆర్వో అవసరం లేదు, యూవీ ఫిల్టర్ గానీ కాచి వడపోసుకోవడం గానీ చాలు. అంతకంటే తక్కువున్న చోట ఆర్వోని నిషేధించమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే ప్రభుత్వానికి చెప్పింది. మీకొచ్చేది బోరు నీళ్ళయి, 800, 1000 చూపిస్తే ఆర్వో ఉండాల్సిందే. అప్పుడు ఆ వదిలే గొట్టాన్ని బకెట్లో పెట్టి ఇల్లు తుడవడానికి, బాత్‌రూమ్‌కి వాడండి. మొక్కలకు రోజూ పోయొద్దు, ఉప్పు పేరుకుంటుంది. కుళాయిలకు నురగలా నీళ్ళొచ్చే చిన్న జాలీలు వంద రూపాయల లోపే దొరుకుతాయి, వంటింటి సింకుకి ముందు పెట్టించండి.

మీవారు కార్లో ఒక్కరే రోజుకు 36 కిలోమీటర్లు అన్నారు. నెలకు 22 రోజులు, లీటరుకు 15 కిలోమీటర్లు అనుకుంటే 53 లీటర్లు, 120 కిలోల కార్బన్ డయాక్సైడ్. మీ మే నెల ఏసీలో అరవై శాతం, అదీ పన్నెండు నెలలూ. కారు అమ్మేయమనడం లేదు. వారానికి రెండు రోజులు మెట్రోలో వెళ్ళమనండి. బండి మార్చే ఆలోచన ఎప్పుడైనా వస్తే, ఎలక్ట్రిక్ స్కూటర్ మన బొగ్గు కరెంటుతో నడిచినా కిలోమీటరుకు పెట్రోల్ స్కూటర్ వదిలేదాంట్లో సగం కూడా కాదు. బాగా నడుస్తున్న బండిని మూల పెట్టి దీన్ని కొనడం మాత్రం వద్దు.

తిండి గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే మా ఇంట్లోనే నేను గెలవలేదు. పశువులు, గొర్రెలు, మేకలు నెమరు వేసేటప్పుడు మీథేన్ వదులుతాయి, కోడి వదలదు. అందుకే మటన్ ఆదివారాలు నెలకు నాలుగు నుంచి రెండు చేద్దామన్నాను. మా ఆవిడ పండగలకు మినహాయింపు అడిగింది. మనకు పండగలెన్నో తెలుసు కదా. మీరు ఇంకో దారిన రండి: వండింది పారేయకుండా చూడండి. అన్నం మిగిలితే పులిహోరో, చద్దన్నమో. వరి పొలంలో నిలిచిన నీళ్ళ నుంచి కూడా మీథేన్ వస్తుంది, కాబట్టి పారేసిన ప్రతి ముద్ద వెనక అది ఉంటుంది.

అసోసియేషన్ స్థాయిలో ఒక మాట. డాబా మీద సోలార్ పెట్టించండి. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో అపార్ట్‌మెంట్ల ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. కిలోవాట్‌కు వంద చదరపు అడుగుల చోటు కావాలి, రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. లిఫ్టు, మోటారు, మెట్లమీద లైట్లకు అది బాగా పనికొస్తుంది. ప్యానెళ్ళని మీ ఫ్లాట్ పైనే, కింద గాలి ఆడేలా ఎత్తుగా పెట్టించగలిగితే మీ స్లాబుకి నీడ ఉచితం. ఇది పైకి అనకండి, మిగతా పై అంతస్తువాళ్ళు పోటీకొస్తారు.

ఇక మీ అత్తగారి నవ్వు. నవ్వే హక్కు ఆవిడకుంది. కుంకుడుకాయలు, పాత చీర బొంతలు, అరటాకు భోజనం, సీసాల్ని కడిగి పచ్చళ్ళకు వాడటం, ఇవన్నీ వాళ్ళకు అలవాటే. అలాగని పాతకాలం పద్ధతులన్నీ మంచివని నేననను. మా పల్లెలో ఇప్పటికీ స్నానాల నీళ్ళ పొయ్యిలో ప్లాస్టిక్ కవర్లు వేసి రాజేస్తారు, ఆ పొగ పక్కనే పిల్లలు కూర్చుంటారు. చెప్పీ చెప్పీ అలసిపోయాను. ఆవిడ దగ్గర కుట్టుమిషన్ ఉందేమో కనుక్కోండి. పాత ప్యాంట్లు ఇచ్చి సంచులు కుట్టమంటే ఈసారి నవ్వరు.

కొన్న వస్తువుల్ని పారేయొద్దు, అరిగేదాకా వాడండి. వెదురు బ్రష్షుల్లో చాలావాటికి కుచ్చు నైలాన్‌దే ఉంటుంది. బ్రష్షు పాతబడ్డాక పటకారుతో కుచ్చు పీకేసి పొడిచెత్తలో వేయండి, వెదురు పుల్లని ముక్కలు చేసి కంపోస్టు బకెట్ అడుగున వేయండి, గాలి ఆడుతుంది. స్టీలు స్ట్రాలు పిల్లల చేతికిచ్చి కొబ్బరి బోండాల బండి దగ్గరికి తీసుకెళ్ళండి.

ఏసీ టెక్నీషియన్ వచ్చినప్పుడు లీకు ఎక్కడ దొరికిందో రాయండి. మళ్ళీ మే నెల బిల్లు వచ్చాక యూనిట్లు కూడా.